మాటా మంచీ: ‘అడ్జస్టు’

బస్సెక్కినవాడెవడూ యీ మాట వినకుండా దిగలేడు. బెంగుళూరులో ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ అంటారు. చెన్నపట్నంలో ‘కొంజం అడ్జస్ట్ పణ్ణుంగ’ అంటారు. బొంబాయి లోకలు రైలులో ‘థోడా అడ్జస్ట్ కరో’ అంటారు. మనవాళ్ళు ‘కాస్త అడ్జస్టు చేసుకోండి’ అంటారు. ముందుమాటా మారింది, వెనకమాటా మారింది. నడుమ యీ ఇంగ్లీషు మాట మాత్రం, ముగ్గురి బల్లమీద ఇరుక్కున్న నాలుగో మనిషివలె, కదలకుండా కూర్చున్నది.

తమాషా ఏమిటంటే, యీ వాడుక ఇంగ్లీషువాడికి తెలియదు. లండను రైలులో పక్కవాణ్ణి ‘కొంచెం అడ్జస్టు చేయండి’ అని అడిగితే, పాపం ఆయన మెడపట్టీ వంకరగా వున్నదేమోనని తడుముకుంటాడు. జరగమనడానికి వాళ్ళకు వేరే మాటలున్నాయి. ఆ దేశంలో పూర్వం మగవాళ్ళ మరుగుదొడ్లలో ‘వెళ్ళేముందు దుస్తులు అడ్జస్టు చేసుకోండి’ అని పలక వేలాడదీసేవారు. బొత్తాలు పెట్టుకొని మరీ బయటికి రమ్మని మర్యాదగా చెప్పడమన్నమాట. ఆ పలకను మన బస్సులో తగిలిస్తే అర్థం ఎక్కడికి పోతుందో చదువరులే ఊహించుకోవచ్చు.

వాళ్ళకు ‘అడ్జస్టు’ అంటే ప్రధానంగా వస్తువును సరిచేయడం. గడియారం ముల్లు, కళ్ళజోడు, సైకిలు బ్రేకు, కుట్టుమిషను దారం బిగువు. లెక్కల పుస్తకంలో సంవత్సరాంతాన రాసే సవరింపు పద్దులకూ అదే పేరు. భీమా కంపెనీల తరఫున నష్టాన్ని తూచి ఇంతని తేల్చేవాణ్ణి అక్కడ ‘అడ్జస్టరు’ అంటారు. మనిషి కొత్త పరిస్థితికి అలవాటుపడడమనే అర్థం కూడా వుంది గాని, అది తరవాత వచ్చి చేరినది.

మాట పుట్టుక ఇంకా బాగుంటుంది. ఇందులో ‘జస్టు’ వున్నది గనుక ‘న్యాయం’ అనే అర్థమిచ్చే లాటిను మాటనుండి పుట్టిందనుకోవడం సహజం. యూరపులో పండితులు కూడా చాలాకాలం అట్లాగే అనుకున్నారట. నిజానికి దీని మూలం ‘యుక్స్తా’ అనే లాటిను మాట. దానికి ‘దగ్గర, పక్కన’ అని అర్థం. అనగా అడ్జస్టు చేయడమంటే మొదట రెండింటిని పక్కపక్కకు చేర్చడమే. మన బస్సువాళ్ళు ఏ నిఘంటువూ చూడకుండానే మూలార్థాన్ని పట్టుకున్నారన్నమాట!

ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది ఫ్రెంచినుండి. 1954 దాకా ఫ్రెంచివారి యేలుబడిలో వుండిన యానాములో ఆ భాష చదువుకున్న పెద్దలకు రెండు మాటలు తెలిసే వుంటాయి. ‘అజ్యుస్తే’ అంటే సరిపరచడం, ‘అజూతే’ అంటే కలపడం, చేర్చడం. రెండూ ఒక తల్లి బిడ్డలే. మొదటిదే ఇంగ్లీషులో అడ్జస్టయింది. కలపడమనే చెల్లెలు మాత్రం ఫ్రెంచివారి ఇంటనే వుండిపోయింది. ఆ చెల్లెలి సంగతి తిరిగి ఎత్తవలసి వస్తుంది, గుర్తుంచుకోండి.

మనకు యీ ఇంగ్లీషు మాట లేకపోతే గడవదా? ‘సర్దు’ అనే ధాతువు మన ఇళ్ళలో ఎన్ని పనులు చేస్తున్నదో చూడండి. పెట్టె సర్దుతాం. పక్కింటివారిని నెలాఖరున ‘ఓ అయిదువందలు సర్దండి’ అంటాం. తగువు పడ్డవాళ్ళకు సర్దిచెబుతాం. గొడవ సర్దుమణుగుతుంది. రైలులో సర్దుకు కూర్చుంటాం. ఇక ‘సర్దుకుపోవడం’ అనేది వేరే కథ, అందులో ఆ ‘పోవడం’ ఊరికే రాలేదు. పొరుగు భాషలకూ లోటు లేదు. కన్నడంలో ‘హొందికొళ్ళు’ అంటారు, మరాఠీలో ‘జుళవూన్ ఘేణే’ అంటారు. అరవంలో ‘అనుసరిత్తు పో’ అంటారు. అనుసరించడమంటే మనకు వెంట నడవడం, వారికి అదే సర్దుకుపోవడమయింది. ఒకరి వెంట ఒకరు నడవవలసి వస్తే ముందు ఎవరు, వెనక ఎవరు అన్న ప్రశ్న ఆ మాటలోనే వున్నది.

ఇన్ని మాటలుండగా ఇంగ్లీషుది ఎందుకు గెలిచిందంటే, నాకు తోచిన కారణం ఒకటి. ‘జరగండి’ అంటే ఆజ్ఞలాగా వుంటుంది, ‘చోటివ్వండి’ అంటే యాచనలాగా వుంటుంది. ‘అడ్జస్టు’ అంటే రెండూ కాదు. పరాయి మాట గనుక దానికి పెద్దా చిన్నా లేదు, కులమూ ఊరూ లేదు. ఏ భాషవాడు ఏ భాషవాడినైనా అడగవచ్చు. మనవంటి, పరభాషల నడుమ తరతరాలుగా కాపురముంటున్న వాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు.

అయితే వాడుకలో ఒక మెలిక వున్నది. ‘అడ్జస్టు చేయడం’ వేరు, ‘అడ్జస్టు అవడం’ వేరు. ఒక వారంపాటు మీ ఇంట్లో యీ రెండూ ఎవరెవరికి వాడుతున్నారో చెవినిపెట్టి వినండి. ఇంటి యజమాని అద్దె బాకీని అడ్వాన్సులో అడ్జస్టు చేస్తాడు. నీళ్ళు రాకపోతే అద్దెకున్నవాడు అడ్జస్టు అవుతాడు. ఆఫీసరు సెలవు అడ్జస్టు చేస్తాడు. గుమాస్తా అడ్జస్టు అవుతాడు. కొడుకు ఉద్యోగం మారితే కుటుంబమంతా అడ్జస్టు చేసుకుంటుంది. కోడలు ఇల్లు మారితే ఆమె ఒక్కతే అడ్జస్టు అవుతుంది. ‘అక్కడ వంట వేరు, మాట వేరు, కాస్త అడ్జస్టు అయిపో తల్లీ’ అని అమ్మలు పెళ్ళిపందిట్లో చెప్పే మాట పెళ్ళికొడుకు చెవిలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. కేరళలో సినిమారంగపు స్త్రీల స్థితిగతులపై జస్టిస్ హేమ సంఘం ఇచ్చిన నివేదిక 2024లో బయటికి వచ్చింది. ఆ రంగంలో ఆడవాళ్ళకు బాగా పరిచయమైనవని అందులో చెప్పిన రెండు మాటలలో ‘అడ్జస్ట్‌మెంటు’ ఒకటి. దాని అర్థం యీ కుటుంబపత్రికలో విప్పి చెప్పనక్కరలేదు. బస్సులో చోటడిగిన మాటకు అంతటి దుర్గతి పట్టింది.

ఇక మన సంగతి. ఊరు మారి వందల ఏళ్ళయిన కుటుంబాలు మనవి. షోలాపురం మగ్గాలమీదా, బరంపురం బజారులోనూ, హోసూరు పొలాల్లోనూ తెలుగు వినబడుతూనే వున్నది. మాట వున్నది, కాని చాలా ఇళ్ళలో లిపి పోయింది. మనుమడు తాతతో చక్కగా తెలుగు మాట్లాడతాడు, తాత వుత్తరం మాత్రం చదవలేడు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతున్నది. 2006లో తమిళనాడు ఒక చట్టం చేసి, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతి దాకా బడులలో తమిళాన్ని తప్పనిసరి చేసింది. మనవాళ్ళు చాలా బాధపడ్డారు. న్యాయస్థానాల మెట్లూ ఎక్కారు. 2018లో తెలంగాణ కూడా అట్లాగే బడులలో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. అప్పుడు అక్కడి మరాఠీ, కన్నడ, అరవ కుటుంబాలకు ఏమనిపించి వుంటుందో మనకంటె బాగా ఎవరికి తెలుస్తుంది?

వున్న ఊరి భాష నేర్వడంలో నాకు అభ్యంతరమేమీ కనబడదు. మన పెద్దలు చట్టం లేకుండానే నేర్చారు, అందులో కవిత్వం చెప్పినవాళ్ళూ వున్నారు. ముగ్గురున్న బల్లమీద నాలుగో మనిషికి చోటివ్వడం వేరు, ముందునుంచీ కూర్చున్న ముసలావిణ్ణి లేపి నిలబెట్టడం వేరు. ఫ్రెంచివాళ్ళ ఇంట వుండిపోయిన ఆ చెల్లెలిని తలచుకోమన్నది ఇందుకే. ఇంట్లో మూడో భాష చేరితే అది ‘అజూతే’. మొదటిది పోతే దానికి ఆ మాట చెల్లదు.

బరంపురం, షోలాపురం, కోయంబత్తూరు చదువరులకు ఒక మనవి. మీ ఇళ్ళలో సర్దుకోవడానికి తెలుగులో ఇంకేదైనా పాతమాట నిలిచివుంటే, దాన్ని ఎవరు ఎవరితో అంటారో కూడా చేర్చి, కార్డుముక్కమీద రాయండి. తెలుగు లిపి రాని పిల్లలు వచ్చిన లిపిలోనే రాయవచ్చు, చదివించుకుంటాను. వచ్చే నెల ‘టిఫిను’ సంగతి.