అమలాపురం చుట్టూ సైకిల్ యాత్రా మార్గాలపై తీర్మానం

అమలాపురం కేంద్రంగా కోనసీమలో సైకిల్ యాత్రలు చేసే మా సంఘం సర్వసభ్య సమావేశం, కార్యవర్గం ప్రవేశపెట్టిన ముసాయిదాను చదివి, చర్చించి, కొన్ని సవరణలతో ఈ తీర్మానాన్ని ఆమోదించింది.

కోనసీమ చూడవచ్చేవారిలో ఎక్కువమంది 216వ నంబరు జాతీయ రహదారి మీదుగా కారులో దిండి దాకా పోయి, హౌస్‌బోటు ఎక్కి దిగి, వెనక్కి మళ్లుతున్నారు. సైకిళ్ల మీద వచ్చేవారు కూడా ఫోను చూపించిందే దారనుకుని అదే రహదారి పడుతున్నారు. రొయ్యల లారీలు, బస్సుల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కి, తీరా చూసినదేమిటంటే పెట్రోలు బంకులు, కల్యాణ మండపాలు. కోనసీమను నీటి వెంబడి చూడాలి తప్ప రహదారి వెంబడి కాదని ఈ సభ భావిస్తున్నది.

1847–52 మధ్య ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ హయాంలో మొదలైన ఈ డెల్టా కాలువలు పొలాలకు నీళ్లు పారించడంతోపాటు పడవలు నడవడానికీ పనికొచ్చాయి. లాకులు పెట్టింది ఆ పడవల కోసమే. ఎగువకు పోయే పడవను తాడు కట్టి లాగే మనుషులు గట్టు మీదే నడిచేవారు. కాబట్టి గట్టు మొదటినుంచీ దారే. మైలుకు కొద్ది అంగుళాల వాలుతో నీళ్లు పారే చోట తొక్కేవాడికి ఎత్తూ పల్లం తగలదు. కొబ్బరి చెట్ల నీడ ఉంటుంది, వంతెన దగ్గర టీకొట్టు ఉంటుంది, దారి తప్పితే చెప్పడానికి మనిషి ఉంటాడు. అందువల్ల కొత్తగా సైకిల్ ట్రాకులు నిర్మించమని ఈ సభ ఎవరినీ అడగడం లేదు. ఉన్న గట్లను, పుంతలను, రేవులను పాడు కాకుండా నిలపమని మాత్రమే అడుగుతున్నది.

ఈ దృష్టితో నాలుగు దారులను సంఘం మార్గాలుగా గుర్తించడమైనది.

ఉత్తరపు దారి అమలాపురం నుంచి కాలువ వెంట ఎగువకు పోయి లొల్ల లాకులు చేరుతుంది. ప్రధాన కాలువ నీళ్లు కోనసీమ లోపలి కాలువలకు విడిపోయేది అక్కడే. ఆపైన ఆత్రేయపురం, బొబ్బర్లంక, ధవళేశ్వరం. ఆత్రేయపురంలో పూతరేకుల కోసం ఆగి ఆలస్యం చేయరాదని ముసాయిదాలో ఒక వాక్యం ఉండగా, దాన్ని పాటించేవారు సభలో ఎవరూ లేరని తేలినందున తొలగించడమైనది.

పడమటి దారి మీద సభ చాలాసేపు మాట్లాడింది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దాటి పి.గన్నవరం చేరితే వైనతేయ మీద అక్విడెక్టు వస్తుంది. కింద గోదావరి పాయ, పైన పంట కాలువ. 1850లలో కట్టిన పాత కట్టడం పక్కనే, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరుతో 2000లో ప్రారంభమైన కొత్తది ఉంది. అవతలి ఒడ్డున నాగరం దీవి పొలాలకు కాలువ నీళ్లు అందింది ఈ అక్విడెక్టు వల్లనే. ఇక్కడ సైకిలు దిగి, గట్టు మీద నిలబడి చూడని యాత్రను పూర్తయిన యాత్రగా సంఘం లెక్కించదు. ఆ దీవిలో రాజోలు, మలికిపురం మీదుగా వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేది చేరి, రాత్రికి అక్కడే ఆగాలి. మర్నాడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి ఏరు దాటితే నరసాపురం. ఇంటికి రైల్లో పోదలచినవారికి అక్కడ స్టేషను ఉంది. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో నరసింహస్వామి రథోత్సవం జరిగే వారంలో మాత్రం సంఘం ఈ దారిన యాత్ర పెట్టదు. ఆ రోజుల్లో గదులూ రోడ్లూ భక్తులవి.

తూర్పు దారి అయినవిల్లి, ముక్తేశ్వరం మీదుగా పోయి, పంటు మీద గౌతమి పాయ దాటి కోటిపల్లిలో దిగి ద్రాక్షారామం చేరుతుంది. తిరుగు ప్రయాణం యానాం–ఎదుర్లంక వంతెన, మురమళ్ల, ముమ్మిడివరం మీదుగా. వంతెన దాటాక కొంతమేర రహదారి తప్పదు. అక్కడ ఒకరి వెనుక ఒకరుగా పోవాలి. దక్షిణపు దారి చిన్నది, అల్లవరం మీదుగా ఓడలరేవు సముద్రం దాకా. తెల్లవారకముందే బయలుదేరి, ఎండ చల్లబడ్డాక తిరగాలి. అప్పటికి లేచిన సముద్రపు గాలి ఇంటిదాకా వీపున తోస్తుంది. మధ్యాహ్నం బయలుదేరినవారికి అదే గాలి ముఖాన కొడుతుంది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి సైకిళ్ల మీద గుంపుగా పోవాలన్న ప్రతిపాదన వీగిపోయింది. ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక ఏరు దాటించే జనం మధ్యకు చక్రాలతో పోవడం మర్యాద కాదు. వెళ్లదలచినవారు సైకిళ్లు అంబాజీపేటలో వదిలి నడిచి వెళ్లవలెను.

ఇక నీటి సంగతి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. 2006 వరదలో శానపల్లిలంక దగ్గర ఏటిగట్టుకే గండి పడింది. అయితే లంకల్లోకి పోయే కాజ్‌వేలు మొదటి హెచ్చరిక దాకా ఆగవు. చాకలిపాలెం–కనకాయలంక కాజ్‌వే అంతకు ముందే మునుగుతుంది. కావున జూలై నుంచి సెప్టెంబరు దాకా లంక దారుల్లో సంఘం తరఫున యాత్రలు ఉండవు. మిగతా నెలల్లోనైనా కాజ్‌వే మీద నీరు కనిపిస్తే, చక్రం అంచు తడిసేంతే ఉన్నా, వెనక్కి తిరగవలెను. ఊరివాళ్లు దాటుతున్నారు కదా అన్న వాదన చెల్లదు. వాళ్లకు అడుగున రాయి ఎక్కడుందో, గుంట ఎక్కడుందో తెలుసు.

రేవుల విషయంలో సభకు కచ్చితమైన అభిప్రాయం ఉంది. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు గోదావరిలో కొట్టుకుపోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. లైఫ్ జాకెట్లు లేని పడవ ఎక్కరాదు. పంటు మీద సైకిలు దిగి, దాని పక్కనే నిలబడాలి. వరుసలో ముందుకు చొరబడరాదు. రేవుల నిర్వాహకులు సైకిలుకు ఒకే ఛార్జీ నిర్ణయించి, చివరి పంటు సమయాన్ని ఒడ్డున బోర్డు మీద రాయించాలని ఈ సభ కోరుతున్నది. చీకటి పడ్డాక రేవుకు చేరి, అవతలి ఒడ్డు దీపాలు చూస్తూ కూర్చోవలసిన అవస్థ యాత్రికుడికి రాకూడదు.

గట్టు మీద తారు వేయాలా వద్దా అన్నది చర్చలో అన్నిటికన్నా ఎక్కువ వేడి పుట్టించింది. వానల్లో నల్లమట్టి చక్రానికి చుట్టుకుని బ్రేకులు పట్టవు కాబట్టి తారు వేయించాలని కొందరు సభ్యులు వాదించారు. వారి మాటలో నిజముంది. కానీ తారు పడిన మర్నాటి నుంచి కార్లు, ఇటుక లారీలు ఆ గట్టెక్కుతాయి. ఏడాది తిరిగేసరికి సైకిలుకు అక్కడ చోటుండదు. గ్రావెల్ పరిచి, దిమ్మిస కొట్టించి చదును చేస్తే చాలునని, గట్టు ముఖద్వారాల్లో కార్లు దూరకుండా రాళ్లు పాతి, సైకిలు పట్టేంత సందు వదలాలని జలవనరుల శాఖను కోరుతూ అధిక సంఖ్యాకులు తీర్మానించారు. వేసవిలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేసే నెలల్లోనే ఈ పని చేయించడం సులువు.

మరొక మాట స్పష్టంగా నమోదు కావలెను. కాలువ గట్ల మీద ఇళ్లు వేసుకుని ఏళ్లుగా బతుకుతున్న పేద కుటుంబాలున్నాయి. వారిని ఖాళీ చేయించడానికి ఈ తీర్మానాన్ని సాకుగా చూపించడాన్ని సంఘం వ్యతిరేకిస్తుంది. వాకిట్లో ముగ్గు ఉన్నచోట సైకిలు దిగి నడిపించుకుపోవాలి. ఈ నిబంధన మీద చర్చ జరగలేదు, అవసరం కలగలేదు.

సభ్యుల నడవడి గురించి: కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం తొక్కరాదు, పక్కకు దిగి పోవాలి. కొబ్బరికాయల గెలలు కట్టుకుని వచ్చే సైకిలుకు, గడ్డిమోపు వేసుకుని వచ్చే సైకిలుకు మన సైకిలే దారి ఇవ్వాలి. ఖరీదైన గేర్ల సైకిలు తొక్కేవాడు సరదాకు వచ్చాడు, అవతలివాడు పనికి పోతున్నాడు. తోటలో రాలిన కాయైనా అడగకుండా తీసుకోరాదు. గ్యాస్ పైపులైను గుర్తులున్న చోట గుడారం వేయడం, పొయ్యి పెట్టడం పూర్తిగా నిషేధం. 2014లో నగరం గ్రామంలో జరిగిన పేలుడు తర్వాత దీనికి వేరే వివరణ అక్కర్లేదు. యాత్ర వెనుక సామాను మోసే కారు గట్టెక్కితే ఆ యాత్రకు సంఘం పేరు వాడుకోరాదు.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవారికి ఈ నాలుగు దారులనూ రేవులు, లాకులు, కాజ్‌వేలు, మంచినీళ్లు దొరికే చోట్లతో సహా చూపే పటం ఒకటి తెలుగులో ముద్రించి, ఖర్చు మేరకే ధర పెట్టి, అమలాపురం బస్‌స్టాండు దగ్గరి సైకిల్ షాపుల్లో ఉంచే బాధ్యత కార్యవర్గానికి అప్పగించడమైనది. పంచరు వేసే దుకాణాలను పటంలో తప్పనిసరిగా గుర్తించాలని ఒక సభ్యురాలు సూచించగా సభ అంగీకరించింది.

తారు విషయంలో వచ్చిన అసమ్మతిని నమోదు చేసి, మిగిలిన అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. తీర్మానం ప్రతులను జలవనరుల శాఖకు, అమలాపురం పురపాలక సంఘానికి, దారిలోని గ్రామ పంచాయతీలకు, రేవుల నిర్వాహకులకు పంపవలెను. కాలువలకు నీళ్లు వదిలే జూన్ నెల నుంచి ఈ నియమాలు సభ్యులందరికీ వర్తిస్తాయి.