రక్తం కంటే ముందు నాచును అడుగుదాం

వానాకాలం ఉదయం తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకు వెళ్లేవారికి చెట్ల మొదళ్ల మీద, పాత గోడల మీద మఖమల్ పరిచినట్టు పచ్చని నాచు కనిపిస్తుంది. కాలు జారుతుందని పక్కకు తప్పుకుంటాం. కానీ గాలిలో కలిసిన సీసం, కాడ్మియం లాంటి భారలోహాల జాడను పట్టి ఇవ్వగల మొక్క అది.

నాచుకు మిగతా మొక్కల్లా నిజమైన వేళ్లు ఉండవు. నీటిని, పోషకాలను చాలావరకు గాలి, వాన, దుమ్ముల నుంచి ఆకులతోనే తీసుకుంటుంది. వాటితోపాటు వచ్చిన లోహాలూ అందులో పేరుకుపోతాయి. ఈ గుణాన్ని స్వీడన్ శాస్త్రవేత్తలు 1960ల చివర్లోనే వాడుకున్నారు. 1990 నుంచి ఐరోపా దేశాలు ఐదేళ్లకోసారి నాచును సేకరించి పరీక్షిస్తున్నాయి.

గనుల దగ్గర ఇది ఎలా పనికొస్తుందో అమెరికాలోని అలాస్కాలో తెలిసింది. అక్కడి రెడ్ డాగ్ సీసం, జింక్ గని నుంచి ఖనిజాన్ని లారీల్లో తరలించే రోడ్డు వెంట 2001లో నాచును పరీక్షించారు. రోడ్డు పక్కన సీసం, కాడ్మియం చాలా ఎక్కువగా, దూరం వెళ్లేకొద్దీ తక్కువగా కనిపించాయి. దుమ్ము ఎక్కడి నుంచి లేస్తోందో వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మనకూ గనులు తక్కువేమీ కాదు. సింగరేణి బొగ్గు, మంగంపేట ముగ్గురాయి, గరివిడి ప్రాంతపు మాంగనీసు ఉన్నాయి. గని ఉన్నంత మాత్రాన గాలి విషమైనట్టు కాదు. కానీ అవునో కాదో తేల్చుకోవాలి కదా! మనం ఫోన్‌లో చూసుకునే గాలి నాణ్యత సూచీ ప్రధానంగా దుమ్ము కణాలు, వాయువుల లెక్క. ఆ దుమ్ములో ఏ లోహం ఉందో అది చెప్పదు. 2009లో మన దేశం పెట్టుకున్న గాలి ప్రమాణాల్లో సీసం, ఆర్సెనిక్, నికెల్ ఉన్నాయి గానీ కాడ్మియం లేదు. ఖరీదైన యంత్రాలను ఊరూరా పెట్టడమూ సాధ్యం కాదు.

వైద్యుడిగా నా ఆందోళన ఇక్కడే. పిల్లల ఒంట్లో సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదు. రక్తహీనత, కడుపునొప్పి, మలబద్ధకం, చదువులో వెనకబాటు... ఏ లక్షణమూ సీసం పేరు చెప్పదు. అనుమానం వచ్చి రక్తపరీక్ష చేయించేసరికి మెదడుకు జరిగే నష్టం జరిగిపోతుంది. మందులు సీసాన్ని కొంత బయటికి పంపగలవేమో గానీ, పోయిన తెలివిని తిరిగి తేలేవు. కలుషితాన్ని మొదట కనిపెట్టే పరికరం పసిపిల్లల రక్తం కాకూడదు.

మన ఎండలకు నాచు ఎండిపోతుంది నిజమే. దానికీ దారి ఉంది. శుభ్రమైన నాచును వల సంచుల్లో పెట్టి కొన్ని వారాలు వేలాడదీసి పరీక్షించే పద్ధతిని బ్రిటన్‌లోని స్వాన్సీ ప్రాంతంలో ఎప్పుడో వాడారు. అయితే నాచు ఫలితం రక్తపరీక్షకు బదులు కాదు. యంత్రం ఎక్కడ పెట్టాలో, ఏ ఊరి పిల్లలకు ముందుగా పరీక్షలు చేయాలో అది చూపిస్తుంది.

ఈ పనికి కావాల్సిన వాళ్లంతా తార్నాక చుట్టూనే ఉన్నారు. మొక్కల సంగతి తెలిసినవారు ఉస్మానియాలో, రసాయన శాస్త్రవేత్తలు ఐఐసీటీలో, రాళ్లు, మట్టి లోహాల లెక్క తెలిసినవారు ఎన్‌జీఆర్‌ఐలో, ఆహారం, ఆరోగ్యం చూసేవారు జాతీయ పోషకాహార సంస్థలో. ఒకరి గేటు నుంచి మరొకరి గేటుకు ఆటోలో వెళ్లొచ్చు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు వీరిని ఒకచోట కూర్చోబెట్టి, గనుల చుట్టూ నాచు సర్వే చేయించి, ఫలితాలను ఆ ఊళ్లలో తెలుగులో ప్రకటించాలి.

ఈలోగా గనుల దగ్గర ఉండే కుటుంబాలు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పనిబట్టలను విడిగా ఉతకాలి. ఇంట్లో పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవాలి. పిల్లల చేతులు అన్నానికి ముందు కడిగించాలి. ఇనుము, కాల్షియం తక్కువైన ఒళ్లు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. కాబట్టి ఆకుకూరలు, రాగులు, పాలు, గుడ్లు పిల్లల కంచంలో ఉండాలి. గోడమీది నాచును గీకి పరీక్షకు పట్టుకెళ్లనక్కర్లేదు. ఆ పని చేయించమని పాలకులను అడిగితే చాలు.