నాటిన జుట్టు సరే, ఉన్న జుట్టు మాటేమిటి?

అమీర్‌పేట నుంచి జూబ్లీహిల్స్ దాకా హైదరాబాద్‌లో ఎటు వెళ్లినా హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ బోర్డులే. వాటి సారాంశం ఒక్కటే: ఒక్కసారి నాటించుకుంటే జీవితాంతం నిశ్చింత. పెళ్లి సంబంధాలు చూడటం మొదలుకాగానే అప్పు చేసి మరీ ఆపరేషన్‌కు వెళ్లే కుర్రాళ్లూ, అమెరికా నుంచి సెలవు మీద వచ్చి ఈ పని కూడా ముగించుకు వెళదామనుకునేవాళ్లూ ఆ మాటనే నమ్ముతున్నారు. ‘రోజూ మాత్రలు మింగే బాధ ఉండదనే కదా ఆపరేషన్’ అన్నది వాళ్ల వాదన. ఈ వాదన తప్పు. మందుల సంగతి తేల్చకుండా చేసే ట్రాన్స్‌ప్లాంట్ సగం వైద్యమే. పాతికేళ్లు నిండని కుర్రాళ్లకైతే అది మేలుకన్నా కీడే ఎక్కువ చేయవచ్చు.

నాటిన జుట్టు నిలుస్తుందన్న మాటలో నిజం ఉంది. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించిన పరిశోధన దీన్ని రుజువు చేసింది. తల వెనక భాగం నుంచి తీసిన కుదురును బట్టతల మీద నాటినా అది తన పాత స్వభావాన్నే నిలుపుకుంటుంది. అయితే ఈ సూత్రం వర్తించేది చోటు మారిన కుదుళ్లకు మాత్రమే. వాటి మధ్యనా, వాటి వెనకా అప్పటికే ఉన్న జుట్టుకు ఆ రక్షణ లేదు. ఆపరేషన్ తలకు కొత్తగా ఒక్క కుదురునూ చేర్చదు, ఉన్నదాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మారుస్తుంది. కుదుళ్లను ఎండగడుతున్న కారణం మాత్రం అలాగే ఉంటుంది. కప్పు కారుతుండగా గోడలకు సున్నం వేయించినట్టన్న మాట.

ఆ కారణం ఏమిటో వైద్యానికి చాలాకాలంగా తెలుసు. టెస్టోస్టిరాన్ నుంచి శరీరం డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోన్‌ను తయారుచేసుకుంటుంది. వారసత్వంగా బట్టతల వచ్చే మగవాళ్లలో ఆ హార్మోన్ తాకిడికి కుదుళ్లు ఏటికేడు చిన్నబోతాయి. ఈ మార్పు జరిపే ఎంజైము పుట్టుకతోనే లోపించిన కుటుంబాల గురించి 1974లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి పరిశోధన వెలువడింది. ఆ కుటుంబాల మగవాళ్లకు బట్టతల రాదని తేలింది. ఆ ఎంజైమును అడ్డుకునే మందే ఫినాస్టిరైడ్. అమెరికాలో దాని 1 మిల్లీగ్రాము మాత్రకు 1997లో బట్టతల వైద్యం కోసం అనుమతి లభించింది. రక్తపోటు మందుగా పుట్టిన మినాక్సిడిల్‌ది వేరే దారి. దాన్ని వాడినవాళ్లకు ఒంటిమీద వెంట్రుకలు పెరగడం గమనించి తలకు రాసే మందుగా మలిచారు. 1988లో దానికీ అక్కడ అనుమతి వచ్చింది.

ఆపరేషన్‌తో పాటు మందు వాడితే ఏమవుతుందో కూడా పరీక్షించి చూశారు. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో 79 మంది మగవాళ్లలో కొందరికి ఆపరేషన్‌కు 4 వారాల ముందు నుంచి, తర్వాత 48 వారాల దాకా ఫినాస్టిరైడ్ ఇచ్చారు. మిగతావాళ్లకు ఇచ్చింది మందు లేని ఉత్తి మాత్ర. నాటిన కుదుళ్ల చుట్టూ ఉన్న సొంత జుట్టు ఫినాస్టిరైడ్ వాడినవాళ్లలోనే స్పష్టంగా మెరుగుపడింది.

మందు వద్దనుకునే కుర్రాడు ఒక లెక్క వేసుకోవాలి. తల వెనక నుంచి తీయగలిగే కుదుళ్లకు పరిమితి ఉంది. సాధారణంగా జీవితకాలం మొత్తానికి సుమారు 6,000 గ్రాఫ్టులని చెబుతారు, కొందరికి అంతకన్నా తక్కువే. ఇరవై మూడేళ్లకే నుదుటి మీద దట్టంగా 3,000 గ్రాఫ్టులు నాటించుకుంటే సగం నిల్వ ఖర్చయినట్టే. ముప్పై అయిదేళ్లకు నడినెత్తి ఖాళీ అయితే, ముందు ఒక వరస జుట్టూ దాని వెనక బోడి నెత్తీ మిగులుతాయి. అప్పుడు రెండో ఆపరేషన్, దానికి మళ్లీ డబ్బు. మొదటి రోజే మందుల గురించి చెప్పని క్లినిక్కుకు ఆ మౌనం రెండుసార్లు ఆదాయం తెస్తుంది.

దుష్ఫలితాల భయం ఉత్తది కాదు, దాన్ని కొట్టిపారేయకూడదు. మందు అనుమతికి ఆధారమైన పరీక్షల్లో లైంగిక సమస్యలు చెప్పినవాళ్లు ఫినాస్టిరైడ్ వాడినవాళ్లలో 3.8 శాతం, ఉత్తి మాత్ర వాడినవాళ్లలో 2.1 శాతం. మందు మానేశాక కూడా కొందరిలో సమస్య కొనసాగినట్టు ఫిర్యాదులు రావడంతో అమెరికా నియంత్రణ సంస్థ 2012లో మందు వివరాల్లో ఆ హెచ్చరికను చేర్పించింది. ఆత్మహత్య ఆలోచనలు ఈ మందు దుష్ఫలితాల్లో ఒకటని యూరప్ నియంత్రణ సంస్థ 2025లో నిర్ధారించింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పసిగట్టే పీఎస్ఏ రక్తపరీక్షలో విలువను ఈ మందు దాదాపు సగానికి తగ్గిస్తుంది కాబట్టి, వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. విరిగిన, నలిగిన మాత్రలను గర్భిణులు ముట్టుకోకూడదు. ఇవన్నీ వాడే మనిషికి ముందే చెప్పాల్సినవి, కూర్చోబెట్టి తీరిగ్గా చెప్పాల్సినవి. వీటిని సాకుగా చూపి ఆపరేషన్ ఒక్కటే చాలనడం న్యాయం కాదు.

‘అయితే జీవితాంతం వాడాలా?’ అంటారు. ఫలితం నిలవాలంటే వాడాల్సిందే. ఫినాస్టిరైడ్ మానేస్తే సుమారు ఏడాదిలో, మినాక్సిడిల్ మానేస్తే కొన్ని నెలల్లోనే ఆ మేలు కరిగిపోతుంది. అంత నియమం వద్దనుకుంటే బట్టతలతోనే హాయిగా బతకవచ్చు, అదీ గౌరవంగా ఎంచుకోదగ్గ దారే. మందు పడనివాళ్లకు కూడా ఆపరేషన్ దారి మూసుకుపోదు. వాళ్లు బట్టతల ఎంతవరకు వెళ్తుందో తెలిసేదాకా ఆగాలి, నుదుటి గీతను పైకే ఉంచుకోవాలి, తక్కువ గ్రాఫ్టులతో సరిపెట్టుకోవాలి. అందుకు ఒప్పించే డాక్టరే మీ మేలు కోరేవాడు.

యూట్యూబ్‌లోనో వర్క్‌షాపుల్లోనో చూసినంత మాత్రాన జుట్టు నాటడానికి తగిన శిక్షణ పొందినట్టు కాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పాల్సి వచ్చింది. కాబట్టి అడ్వాన్సు కట్టే ముందు అర్హత ఉన్న చర్మవైద్యుడి ఎదుట కూర్చోండి. రాలుతున్నది వారసత్వపు బట్టతలేనా, ముందు కొన్నాళ్లు మందు వాడి చూడొచ్చా, నాకు మందు పడకపోతే పదేళ్ల తర్వాత నా తల ఎలా ఉంటుంది అని అడగండి. ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా గ్రాఫ్టుల రేటు చెప్పే చోట మీ తల అప్పగించకండి.