మూసీకి ఈవల రూలు వేరు

పాతబస్తీ ఎందుకిట్లా ఉంది? ఈ ప్రశ్న వేయని లౌకిక మిత్రుడు మాకింతవరకు తగల్లేదు. జవాబు కోసం ఆగిన మిత్రుడూ తగల్లేదు. మదర్సా అంటారు, బురఖా అంటారు, పిల్లలెక్కువంటారు, నవాబీ బద్ధకమంటారు. మతతత్వవాది ద్వేషంతో అనే మాటనే అభ్యుదయవాది జాలితో అంటాడు. ఇద్దరి లెక్కలోనూ లోపం మా నెత్తురులోనే ఉంది.

మేమనేది వేరు. పాతబస్తీని రూల్సు తయారు చేశాయి. కొన్ని గెజిట్లో అచ్చయ్యాయి, కొన్ని ఆఫీసు బీరువాల్లోనే ఉండిపోయాయి. వాటిని చేసిన సంస్థలకు పేర్లున్నాయి, తేదీలున్నాయి.

ముందు ఈ నవాబుల సంగతి తేల్చుకుందాం. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం పోయింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. మంచిదే, దానికోసం ఏడ్చేవాళ్ళం కాము. కానీ జాగీర్దారుకు పరిహారం లెక్కగట్టటానికి వెంటనే రెగ్యులేషన్ వచ్చింది. ఆయన దేవిడీలో వంట చేసినవాడికి, గుర్రాలు తోమినవాడికి, బార్కస్‌లో తుపాకీ అప్పజెప్పి కూర్చున్న అరబ్బు సిపాయికి ఏ రెగ్యులేషనూ రాలేదు. నవాబు తన దారి తాను చూసుకున్నాడు, నౌకరు గల్లీలో మిగిలాడు. ఆ నౌకరు మనవడిని పట్టుకుని ‘మీరు మమ్మల్ని ఏలారు’ అంటున్నారు!

భాష సంగతీ అంతే. 1918లో మొదలైన ఉస్మానియా వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పింది. తెలుగు పిల్లల నోట్లోంచి తెలుగు లాక్కున్న చదువది. ఆ అన్యాయాన్ని మేం దాచం. అయితే 1948 తర్వాత చదువు భాష, కచేరీ భాష మారినప్పుడు, ఉర్దూలో నాలుగు ముక్కలు రాసుకుని బతికే మున్షీ ఒక్క ఉత్తర్వుతో నిరక్షరాస్యుడయ్యాడు. 2017లో తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చట్టం చేసింది. ఉర్దూలో అర్జీ ఇస్తే చదివి జవాబు రాసే గుమాస్తా ఏ కిటికీ వెనక కూర్చుంటాడో ఆ చట్టంలో లేదు.

ఇక అభివృద్ధి. ఒకే నగరానికి మూడు సంస్థలు పెట్టారు. 1975లో హుడా, 1981లో పాతబస్తీ కోసం కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ, 2001లో హైటెక్ సిటీ చుట్టూ సైబరాబాద్ అభివృద్ధి సంస్థ. కాగితం మీద మూడూ అక్కాచెల్లెళ్ళే. కానీ హుడా చేతికింద ఖాళీ భూములున్నాయి. భూమి అమ్మి రోడ్డేసింది. రోడ్డు వల్ల ధర పెరిగితే మళ్ళీ అమ్మింది. 2006లో కోకాపేట వేలంలో ఎకరం 14.5 కోట్ల దాకా పోయింది. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో, హుడా వారసురాలు హెచ్‌ఎండీఏ చేతుల మీదుగా, వంద కోట్లు దాటింది. మరి కులీ కుతుబ్ షా సంస్థకు ఏముంది? గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, మనిషి పక్కకు జరిగితే తప్ప మనిషి పట్టని గల్లీలు. ఏం అమ్మాలి, చార్మినారా? అందుకే అది ప్రతి బడ్జెట్టుకూ చేయి చాచింది, ఇచ్చింది తీసుకుంది. పైగా ‘మీకు ప్రత్యేక సంస్థే ఇచ్చాం కదా’ అన్న మాట మిగిలింది.

మెట్రో కథ అందరికీ తెలిసిందే. 2010 ఒప్పందంలో ఫలక్‌నుమా దాకా గీత ఉంది. 2020 ఫిబ్రవరిలో రైలు ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లకు 2024 మార్చిలో మళ్ళీ శంకుస్థాపన! అలైన్‌మెంటు మీద మా నాయకులు పేచీ పెట్టిందీ నిజమే. పేచీ అన్నిచోట్లా వచ్చింది. పరిష్కారం అన్నిచోట్లా రాలేదు.

ఇవన్నీ కంటికి కనబడేవి. కనబడనిది బ్యాంకు.

కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ‘నెగటివ్ జోన్లు’గా గుర్తుపెట్టుకుని అక్కడివాళ్ళకు తేలిగ్గా అప్పివ్వటం లేదని 2006లో సచార్ కమిటీ రాసింది. మేం గొంతు చించుకుని చెప్తే ‘అనుమానం జబ్బు’ అన్నవాళ్ళు కమిటీ రాస్తే తలూపారు. మైనారిటీలకు అప్పులివ్వమన్న పదిహేను సూత్రాల కార్యక్రమం 1983 నుంచీ ఉంది. అయినా ప్రాధాన్యతా రంగం అప్పుల మొత్తంలో ముస్లింల వాటా ఐదు శాతం కూడా లేదని అదే కమిటీ లెక్క తేల్చింది.

జోన్ ఒక్కటే కాదు. పాతబస్తీలో ఇల్లు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కూతురికి హిబాగా వస్తుంది. నలుగురి ముందు నోటితో ఇచ్చి, ఇల్లు చేతికి అప్పగిస్తే చాలు. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ ముస్లిం దానానికి రిజిస్ట్రేషన్ అడగదు. కోర్టులో ఆ ఇల్లు ఆమెదే. బ్యాంకులో మాత్రం కాదు, అక్కడ రిజిస్టరు కాగితం కావాలి. ఒకే ప్రభుత్వం ఒక గదిలో ‘నీ ఇల్లే’ అంటుంది, పక్క గదిలో ‘రుజువేది’ అంటుంది. ఆ రెండు గదుల మధ్య వరండాలో ఫైనాన్సు వడ్డీవాడు కుర్చీ వేసుక్కూర్చున్నాడు. వడ్డీ హరామని చదువుకున్న కౌం రోజువారీ వడ్డీకి దొరికిపోయింది. దీనికి మదర్సాతో ఏం సంబంధం?

కార్ఖానాకు పోదాం. లక్క గాజులు, కార్చోబ్ పని, అగరబత్తీ అన్నీ ఇంట్లోనే, ఒక గదిలో ఐదారుగురు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుంటే పదిమంది, లేకుంటే ఇరవైమంది ఉంటేనే ఫ్యాక్టరీ. 2020 లేబర్ కోడ్ ఆ పదిని ఇరవై, ఇరవైని నలభై చేసింది. అంటే మా అక్కాచెల్లెళ్ళు చట్టానికి మరింత దూరం జరిగారు. యజమాని లేడు, కూలీ లేదు, ప్రమాదం జరిగితే కేసూ లేదు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు ముద్ర వచ్చింది. పేరును చట్టం కాపాడుతుంది, సంతోషం. ఆ లక్కకు కాలిన వేళ్ళ సంగతి?

రూలు మారితే మనిషి మారతాడా అంటే, 2007 చూడండి. వెనుకబడిన ముస్లిం గ్రూపులు పద్నాలుగింటికి నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్ వచ్చింది. అదే గల్లీ, అదే బురఖా. కానీ అదే ఆడపిల్ల ఇంజనీరింగ్ కాలేజీ బస్సెక్కింది. మనస్తత్వం అంతలో మారిందా? సీటొచ్చింది, అంతే. ఆ సీటు ఇప్పటికీ 2010 మార్చి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీదే నిలబడింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మరీ విచిత్రం. పాకీపని చేసే మెహతర్ హిందువైతే ఎస్సీ, ముస్లిమైతే బీసీ. చీపురు ఒకటే. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తీశారు. మాకూ క్రైస్తవులకూ తీయలేదు.

రాజకీయమూ రూలే. ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఒకచోట గుంపైన ఓటుకు సీటొస్తుంది, చెదిరిన ఓటుకు ఏమీ రాదు. 2014, 2018, 2023 మూడుసార్లూ మజ్లిస్‌కు ఏడు సీట్లే. 2023లో 119 మంది సభలో ఆ ఏడుగురు తప్ప ఇంకో ముస్లిం గెలవలేదు. ఆ డిసెంబర్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో 2025 అక్టోబర్ దాకా ముస్లిం లేడు. పాతబస్తీని మీరేలుకోండి, మిగతాది మాకొదలండి అనే బేరం అన్ని పార్టీలకూ కుదిరింది. ఓడిపోతామనే భయం లేని నాయకుడికి నాలా పూడిక తీయాలనే తొందర ఎందుకుంటుంది?

మా సొంత సంస్థలు తక్కువ తిన్నాయా? వక్ఫ్ చట్టానికి 2025లో చేసిన సవరణకు మేం వ్యతిరేకులమే. అయితే వక్ఫ్ దుకాణాలను తాతలనాటి కిరాయికి పట్టుకుని, పైవాడికి బజారు ధరకు ఇచ్చుకునే పెద్దమనుషులు ఢిల్లీ నుంచి రాలేదు. వాళ్ళు మా ముందు సఫ్‌లోనే నిలబడి నమాజు చేస్తున్నారు.

అడగాల్సినవి పెద్దవేం కావు. ఏ బ్రాంచి పాతబస్తీలో ఎంత డిపాజిట్ తీసుకుంది, ఎంత అప్పిచ్చింది, తలుపు మీద రాయాలి. హిబాకు రాసుకున్న కాగితాన్ని నామమాత్రపు ఫీజుతో రిజిస్టరు చేసే కిటికీ ఒకటి చార్మినార్ దగ్గర తెరవాలి. కులీ కుతుబ్ షా సంస్థ పద్దు ఉర్దూలో, తెలుగులో అచ్చెయ్యాలి. వక్ఫ్ కిరాయిల పట్టీని మసీదు గోడకు అంటించాలి. అందులో ఎవరి పేర్లు బయటపడినా సరే.