బొమ్మల కథలు చదవొద్దా?



పోయిన నెల గ్రంథాలయానికి ఏ పుస్తకాలు కొనాలో రాసి ఇవ్వమని తరగతికి ఒక కాగితం ఇచ్చారు. మా తొమ్మిదో తరగతి కాగితంలో నేను మొట్టమొదట "బొమ్మల కథల పుస్తకాలు" అని రాశాను. కాగితం తిరిగి వచ్చేసరికి ఆ లైను ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉంది. పక్కన "ఇవి చిన్న పిల్లలకు. మీకు వచ్చే ఏడు పదో తరగతి. గైడ్లు రాయండి" అని ఉంది. కొట్టేసిన వారి మీద నాకు కోపం లేదు. మా మంచికే చెప్పి ఉంటారు. కానీ నా అభిప్రాయం వేరే ఉంది. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుందని బేతాళుడు విక్రమార్కునితో అంటాడు గదా. నా తల పగలకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. తప్పులుంటే దిద్దగలరు.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మా అవ్వకు, నాయనకు అక్షరాలు రావు. ఇంట్లో మేం మాట్లాడేది గోండి. ఒకటో తరగతిలో "ఇ – ఇల్లు" అని చదివించేవారు. మా ఇంట్లో ఇల్లును రోన్ అంటాం. నీళ్ళను ఏర్ అంటాం. సారు చెప్పే ముక్క ఒక్కటీ నాకు అర్థమయ్యేది కాదు. అయితే ఇల్లు అనే మాట పక్కన ఇల్లు బొమ్మ ఉండేది. బొమ్మ చూసి మనసులో రోన్ అనుకొని, నోటితో ఇల్లు అనేదాన్ని. అట్ల నాకు తెలుగు వచ్చింది. బొమ్మ లేకుంటే నేను రెండో తరగతికి కూడా రాకపోదును. మనలో చాలామందికి ఇట్లనే జరిగి ఉంటుంది. గుర్తు తెచ్చుకొని చూడండి.

మూడో తరగతిలో నాకు ఒక పాత చందమామ దొరికింది. అట్ట లేదు, చివరి పేజీలు లేవు. అందులో ఒక రాజు కత్తి పట్టుకొని, భుజం మీద శవాన్ని వేసుకొని శ్మశానంలో నడుస్తున్నాడు. నాకు భయం వేసింది. అయినా పుస్తకం మూయలేదు. శవం ఏమంటున్నదో తెలుసుకోవాలని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివాను. ఒక్క కథకు నాలుగు రోజులు పట్టింది. కథ మొత్తం నేనే చదివానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బొమ్మ వేసినది శంకర్ గారని తర్వాత తెలిసింది. వారు 2020లో చనిపోయారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మొదలుపెట్టిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. అది ఎన్నో భాషల్లో వచ్చేది. ఆదివాసీల భాష అయిన సంతాలీలో కూడా వచ్చేది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు సంతోషం, ఏడుపు రెండూ వచ్చాయి. సంతాలీలో రాగలిగినది గోండిలో ఎందుకు రాకూడదు?

చందమామలో కథ పక్కన బొమ్మ ఉంటుంది. కామిక్స్ అంటే అట్ల కాదు. గడులు గీసి, బొమ్మలోనే కథ నడిపి, మాటలు బుడగల్లో రాస్తారు. ఇవి చదివితే తెలుగు పాడవుతుందని కొందరు అంటారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి పేరు మనకు తెలుసు. అంత పెద్ద కవి కుమారుడే బుజ్జాయి గారు. డుంబు అనే అల్లరి పిల్లవాని బొమ్మల కథలు వేసినది వారే. బొమ్మల కథలు అంత చెడ్డవైతే కృష్ణశాస్త్రి గారింట్లో పుట్టేవా?

ఇక అసలు విషయానికి వస్తాను. బొమ్మల కథలన్నీ మంచివని నేను అనను. అట్లంటే అబద్ధం అవుతుంది. ఆరో తరగతి దాకా నేనూ ఏది దొరికితే అది చదివాను. ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు అని చూడలేదు. తర్వాత రెండు సంగతులు జరిగాయి.

మొదటిది. నేను ఇంతకు ముందు చదివిన బడిలో వార్షికోత్సవానికి నాటకం వేశాం. రాక్షసి వేషం ఎవరికి ఇవ్వాలి అనే మాట వచ్చింది. ఒక స్నేహితురాలు బొమ్మల పుస్తకం తెరిచి, అందులో రాక్షసి బొమ్మ చూపించి, "నువ్వు అచ్చం ఇట్లనే ఉన్నవు" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వేషం వేశాను, గట్టిగా అరిచాను, మస్తు చప్పట్లు కొట్టారు. రాత్రి పడుకునే ముందు ఆ పుస్తకం మళ్ళీ తీసి చూశాను. రాజు తెల్లగా ఉన్నాడు. రాణి తెల్లగా ఉన్నది. దేవతలు తెల్లగా ఉన్నారు. రాక్షసులు మాత్రం నల్లగా, ఉంగరాల జుట్టుతో, అడవిలో ఉన్నారు. మా అన్న అట్లనే ఉంటాడు. మా అవ్వ అట్లనే ఉంటుంది. మేం ఎవరినీ తినలేదు.

రెండవది. ఎవరో దానం ఇచ్చిన పుస్తకాల కట్టలో ఒక పాత ఇంద్రజాల్ కామిక్ వచ్చింది. ఆ పుస్తకాలు 1964లో మొదలై 1990లో ఆగిపోయాయి. అందులో ఫాంటమ్ అనే వీరుడున్నాడు. అతణ్ణి 1936లో అమెరికాలో లీ ఫాక్ అనే ఆయన పుట్టించాడు. ఫాంటమ్ అడవిలో పుర్రె ఆకారం గుహలో ఉంటాడు. ఎప్పుడో సముద్రం మీద వచ్చిన తెల్లవాళ్ళ వంశం అతనిది. తండ్రి తర్వాత కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు. అడవి జనం మాత్రం ఒక్కడే చావు లేకుండా ఉన్నాడని నమ్ముతారు. పొట్టి మనుషులు విషపు బాణాలు పట్టుకొని అతనికి కాపలా ఉంటారు. నిజం చెప్పాలంటే నాకు ఆ పుస్తకం చాలా నచ్చింది. గుర్రం బొమ్మలు బాగున్నాయి, తోడేలు బాగున్నది. సెలవులకు అడిగి ఇంటికి తీసుకుపోయి మా నాయనమ్మకు చూపించాను.

మా నాయనమ్మ పుస్తకం దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసింది. "ఇంత బిగుతు బట్టలతో అడవిలో ఎట్ల తిరుగుతడు? చెమట పట్టదా?" అని అడిగింది. నేను నవ్వాను. తర్వాత "ఇతను ఎన్ని దేవుళ్ళ వాడు? నాలుగు దేవుళ్ళా, ఏడు దేవుళ్ళా?" అన్నది. మన గోండులలో కొత్త మనిషి వస్తే మొదట అడిగేది అదే గదా. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ వాళ్ళలో ఎవరో తెలిస్తేనే చుట్టరికం తెలుస్తుంది. నేను "ఇతను మనవాడు కాదు, బయటివాడు" అన్నాను. నాయనమ్మ విషపు బాణాల వాళ్ళ మీద వేలు పెట్టి "మరి వీళ్ళ పేర్లేంది?" అన్నది. వెతికాను. అందరినీ కలిపి ఒక్క పేరుతో పిలిచారు. నాయనమ్మ చూపించిన వాళ్ళలో ఒక్కరికీ సొంత పేరు లేదు. గుర్రానికి పేరున్నది, తోడేలుకు పేరున్నది. నాయనమ్మ ఇగ ఏమీ అనలేదు. పుస్తకం నాకిచ్చి జొన్నలు చెరగడానికి పోయింది.

అక్షరం రాని మా నాయనమ్మ చూసినది అక్షరాలు వచ్చిన నేను చూడలేదు. అడవిని కాపాడటానికి బయటి నుంచి ఒకడు రావాలా? 1860లో నిర్మల్‌లో ఉరి తీయబడిన రాంజీ గోండు బయటి నుంచి వచ్చాడా? 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిన కుమురం భీం ముసుగు వేసుకున్నాడా?

అయితే అన్నీ ఇట్లనే ఉండవు. పోయిన ఎండాకాలం ఒక మేడం రెండు పుస్తకాలు తెచ్చి రెండు రోజులు చదవనిచ్చారు. ఒకటి అమర్ చిత్ర కథ వారిది. అనంత్ పాయ్ గారు 1967లో ఆ పుస్తకాలు మొదలుపెట్టారు. మన పిల్లలకు గ్రీకు దేవుళ్ళు తెలుసు గానీ రాముని తల్లి పేరు తెలియదని బాధపడి మొదలుపెట్టారట. చాలా ఏళ్ళు దేవుళ్ళ కథలు, రాజుల కథలే ఎక్కువ వచ్చాయి. 2022లో మాత్రం స్వాతంత్ర్య పోరాటంలో ఆదివాసీ నాయకుల గురించి 20 కథలతో ఒక పుస్తకం తెచ్చారు. అందులో బిర్సా ముండా ఉన్నాడు. సిద్ధూ కాన్హూ ఉన్నారు. మన రాంజీ గోండు ఉన్నాడు! మన నిర్మల్ మనిషి బొమ్మల పుస్తకంలో ఉంటే నాకు ఒళ్ళు జలదరించింది.

రెండో పుస్తకం పేరు భీమాయన. 2011లో వచ్చింది. అంబేద్కర్ గారి కథ. బడిలో ఆయనను నీళ్ళు ముట్టనివ్వని సంగతి అందులో ఉంది. బొమ్మలు వేసినది దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అనే భార్యాభర్తలు. వాళ్ళు మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండులు. మన దగ్గర పర్ధాన్లు కీక్రి వాయించి మన పెద్దల కథలు చెప్తారు గదా, అక్కడి పర్ధాన్లూ అట్లనే చెప్పేవారు. వాళ్ళలో జన్‌గఢ్ సింగ్ శ్యాం గారు ఆ దేవుళ్ళను, జంతువులను కాగితం మీద రంగులతో వేయడం మొదలుపెడితే మిగతావారు నేర్చుకున్నారు. దుర్గాబాయి గారు బడికి పోయి చదువుకోలేదు. ఇంటి గోడల మీద, నేల మీద ముగ్గులాగా వేసే డిగ్నా ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ఆ పుస్తకంలో గడులు లేవు. మనుషులను గడుల్లో బంధించడం వాళ్ళకు ఇష్టం లేదట. డిగ్నా గీతలతోనే బొమ్మకు బొమ్మకు మధ్య హద్దు పెట్టారు. మంచి మాటలు చెప్పేవాళ్ళ బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. విషం మాటల బుడగకు తేలు తోక ఉంటుంది. నాకు ఇంగ్లీషు సగమే అర్థమైంది. కానీ తేలు తోక చూడగానే ఎవరు ఎట్లాంటివాళ్ళో తెలిసిపోయింది. మా నాయనమ్మకు చూపిస్తే ఆమె కూడా చదివేస్తుంది.

కాబట్టి మిత్రులారా, బొమ్మల కథ చిన్నపిల్లలది, పెద్దది అని ఉండదు. మనం ఎట్ల ఎంచుకుంటున్నాం, ఎట్ల చదువుతున్నాం అనేదే ముఖ్యం. నేను ఎంచుకునే పద్ధతి చెప్తాను. మొదట మాటలు చదవకుండా బొమ్మలు మాత్రం చూస్తాను. ఎవరు నిలబడ్డారు, ఎవరు వంగి ఉన్నారు అని చూస్తాను. తర్వాత ఎవరికి పేరుంది, ఎవరికి లేదు అని వెతుకుతాను. అడవి మనుషులు మాట్లాడుతున్నారా, ఊరికే ఈటెలు పట్టుకొని అరుస్తున్నారా అని చూస్తాను. చివరికి ఈ పుస్తకం మా నాయనమ్మ ముందు పెట్టగలనా అని అడుక్కుంటాను. నచ్చని పుస్తకాన్ని చింపెయ్యాలని నేను అనను. ఫాంటమ్‌ను ఇప్పటికీ చదువుతాను, గుర్రం కోసం. కానీ ఇప్పుడు ప్రశ్నలు వేస్తూ చదువుతాను.

గైడ్లు వద్దని కూడా నేను చెప్పడం లేదు. పోయిన యూనిట్ టెస్టుకు దుప్పటి కింద టార్చి లైటుతో టింకిల్ చదివి, సాంఘికంలో తక్కువ తెచ్చుకున్నాను. అది నా తప్పే. కానీ గైడులో ప్రశ్న వాళ్ళే వేస్తారు, జవాబు వాళ్ళే రాస్తారు. మనం బట్టీ పడతాం. ప్రశ్న వేయడం మనకు ఎవరు నేర్పిస్తారు?

పెద్దలకు నా విన్నపం ఒకటే. గ్రంథాలయంలో ఒక్క అర బొమ్మల కథలకు ఇవ్వండి. అందులో ఏం పెట్టాలో తరగతికి ఇద్దరు పిల్లలు, ఒక మేడం కూర్చొని చూసి ఎంచనివ్వండి. రాంజీ గోండు ఉన్న పుస్తకం, భీమాయన మొదట కొనండి.

తోటి విద్యార్థినులకు ఇంకో మాట. 2011 జనాభా లెక్కల్లో గోండి మా భాష అని చెప్పినవాళ్ళు దాదాపు 30 లక్షల మంది. మన జిల్లాలోని గుంజాల ఊరిలో దొరికిన గోండి లిపి 2018లో కంప్యూటరులోకి కూడా ఎక్కింది. అయినా మన గ్రంథాలయంలో గోండి బొమ్మల కథ ఒక్కటీ లేదు. ఎవరో రాసి పంపిస్తారని ఎన్నాళ్ళు చూద్దాం? దీపావళికి ఇంటికి పోతాం. ఊర్లో దండారి ఆడతారు, గుస్సాడీలు వస్తారు. ముసలివాళ్ళు రాత్రి కథలు చెప్తారు. ఒక్కొక్కరు ఒక్క కథ విని రండి. కొలాం, కోయ, లంబాడా చెల్లెళ్ళు మీ ఇంటి కథ తేండి. గడులు గీసినా సరే, గీయకున్నా సరే. కథలో ప్రతి మనిషికి పేరు మాత్రం పెట్టండి.

వచ్చే సంచికలో కింద కుడివైపు మూల ఖాళీగా వదలమని సంపాదకురాలు అక్కను అడిగాను. ఒప్పుకున్నది. మొదటి బొమ్మ నేను వేస్తాను. మా నాయనమ్మ జొన్నలు చెరుగుతూ ఉంటుంది, ఫాంటమ్ వచ్చి ఎదురుగా నిలబడతాడు. "నువ్వు ఎన్ని దేవుళ్ళ వాడివి బిడ్డా?" అని ఆమె అడుగుతుంది. అతను ఏం జవాబు చెప్తాడో నాకు ఇంకా తోచలేదు. ఎవరికైనా తోస్తే తొమ్మిదో తరగతికి వచ్చి చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని