ఆరోగ్య విషయములు: చెమట వాసన

చెమట వాసనకు సిగ్గుపడి పేరంటములకు పోవ జంకు బాలికలు పెక్కండ్రు కలరు. చెమటకు స్వతహాగా దుర్గంధము లేదు. చంకలలోని సూక్ష్మజీవులు దానిని మార్చుటచే వాసన పుట్టును. అంగడి లేపనములు రెండు విధములు. డియోడరెంటు వాసనను అణచునే గాని చెమటను ఆపదు. యాంటీపెర్స్పిరెంటులోని అల్యూమినియం లవణములు స్వేదరంధ్రములను తాత్కాలికముగా మూసి చెమటను తగ్గించును. కావున పెట్టెమీది అక్షరములు చదివి కొనవలెను. రెండవదానిని రాత్రి పరుండబోవునపుడు, తడి లేని చర్మముపై రాయుట మేలు. రోమములు తీసిన వెంటనే రాయరాదు. మంట, దద్దుర్లు కలిగినచో మానవలెను. ఏది వాడినను నిత్యస్నానము, ఉతికి ఎండవేసిన రవిక తప్పవు. వాసన హఠాత్తుగా మారినను, నిద్రలో పక్క తడియునట్లు చెమట పట్టుచున్నను వైద్యునకు చూపవలెను. అమ్మాయిని పరిహసింపక, చెంత కూర్చుండబెట్టుకొని ఈ నాలుగు మాటలు చెప్పుడు.