ఛాతీ ఎక్స్‌రే నార్మల్... అయితే హమ్మయ్యేనా?

పెద్దపేగు క్యాన్సర్ అని తేలిన మనిషి ఫైల్ తెరిస్తే, పై కాగితాల్లో తరచూ ఒక ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు కనిపిస్తుంది. జబ్బేమో పొట్టలో, ఫొటోనేమో ఛాతీకి! ఇంట్లోవాళ్లకు అదో వింత. నార్మల్ అని వచ్చిందంటే మాత్రం ఆ వింత కాస్తా సంబరమైపోతుంది. "హమ్మయ్య, పైకి పాకలేదు!" ఈ వారం ఆ 'హమ్మయ్య' గురించే మాట్లాడుకుందాం.

అసలు ఛాతీ దాకా ఎందుకు వెళ్తారు? పెద్దపేగు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర అనే దారిలో ముందు లివర్‌కు చేరుతుంది. అందుకే గడ్డ నుంచి విడిపోయిన క్యాన్సర్ కణాలు ఎక్కువగా మొదట దిగే స్టేషన్ లివరే. దాన్ని దాటినవి గుండె మీదుగా ఊపిరితిత్తులకు వెళ్తాయి. మలద్వారానికి దగ్గరగా వచ్చే క్యాన్సర్‌కైతే బైపాస్ రోడ్డు కూడా ఉంది. అక్కడి రక్తంలో కొంత లివర్‌ను తాకకుండానే గుండెకు, అటునుంచి ఊపిరితిత్తులకు పోతుంది. ఊపిరితిత్తుల్లోకి చేరితే అది నాలుగో స్టేజ్. ఆపరేషన్ ముందా, కీమో ముందా అనే ప్లానే మారిపోవచ్చు. కాబట్టి ఛాతీ చూడాల్సిందే. దేంతో చూస్తున్నామన్నదే ప్రశ్న.

ఎక్స్‌రే అంటే ఛాతీ మొత్తం ఒకే కాగితం మీద పడిన నీడ. పక్కటెముకలు, గుండె, దాని వెనక ఉన్న ఊపిరితిత్తి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. సెంటీమీటరు కన్నా చిన్న గడ్డలు ఆ నీడల్లో తరచూ దాక్కుంటాయి. సీటీ స్కాన్ అదే ఛాతీని పల్చటి ముక్కలుగా చూపిస్తుంది కాబట్టి కొన్ని మిల్లీమీటర్ల చుక్క కూడా కనిపిస్తుంది. అందుకే అమెరికాలో డాక్టర్లు అనుసరించే ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు ఈ క్యాన్సర్ ఎంతవరకు వ్యాపించిందో చూడ్డానికి ఛాతీ, పొట్ట, కటి భాగాలకు సీటీ తీయమంటాయి.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, టెస్ట్ పాసయిందంటే ఆ టెస్ట్ వెతికిన బగ్ దొరకలేదని మాత్రమే అర్థం. కోడ్‌లో బగ్గే లేదని కాదు.

మా మామయ్య విషయంలో ఇది కళ్లారా చూశాను. ఎక్స్‌రే నార్మల్ అనగానే ఫ్యామిలీ గ్రూపంతా దండాల ఎమోజీలు. తర్వాత డాక్టర్ ఛాతీకి సీటీ రాస్తే "బిల్లు కోసమే" అన్నారు కొందరు. సీటీలో 5 మిల్లీమీటర్ల చుక్క కనిపించింది. అది క్యాన్సరే కావాలనేం లేదు. ఎప్పుడో వచ్చి తగ్గిన ఇన్ఫెక్షన్ మచ్చ కూడా అలాగే ఉంటుంది, టీబీ ఎక్కువున్న మన దేశంలో మరీను. మూడు నెలల తర్వాత మళ్లీ తీస్తే సైజు మారలేదు. డాక్టర్ "గమనిస్తూ ఉందాం" అన్నారు. ఆ మూడు నెలలూ అత్తయ్య కంటి మీద కునుకు లేదు. అంటే సీటీకీ ఖరీదుంది. డబ్బు, భయం, రేడియేషన్. ఎక్స్‌రేలో సుమారు 0.1 మిల్లీసీవర్ట్ అయితే, మామూలు ఛాతీ సీటీలో 6 దాకా ఉంటుంది. అయినా క్యాన్సర్ ఉన్న మనిషికి ఆ ఖరీదు పెట్టడంలో అర్థముంది.

అలాగని ఎక్స్‌రే దండగ కాదు. మత్తు ఇచ్చేముందు గుండె, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడ్డానికి, ఆపరేషన్ తర్వాత జ్వరమొస్తే న్యుమోనియానా అని తేల్చుకోడానికి, కీమో కోసం పెట్టిన పోర్ట్ గొట్టం సరైన చోటే ఉందా అని చూడ్డానికి అది చవకైన, చకచకా అయిపోయే సాధనం. దాని పని దానిది. అందుకే చేతికి ఏ రిపోర్టు వచ్చినా డాక్టర్‌ను ఒక్క మాట అడగండి: "ఇందులో కనిపించనిది ఏముంటుంది?"

ఈ ప్రశ్న మన వయసువాళ్లకూ అవసరమే. ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది, అన్నీ నార్మల్ అని వస్తుంది. కానీ ఛాతీ ఎక్స్‌రే పేగు లోపలికి చూడలేదు. చూసేది కొలనోస్కోపీ. 'బ్లాక్ పాంథర్' హీరో చాడ్విక్ బోస్‌మన్‌కు ఈ క్యాన్సర్ 2016లో మూడో స్టేజ్‌లో బయటపడింది. 2020లో, 43 ఏళ్లకే పోయాడు. ఆ మరుసటి ఏడాది అమెరికా నిపుణుల బృందం, లక్షణాలు లేకపోయినా పరీక్షలు మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి తగ్గించింది.

లక్షణాలుంటే వయసు లెక్కే లేదు. మలంలో రక్తం, వారాల తరబడి మారిపోయిన విరేచనం అలవాటు, కారణం తెలియకుండా తగ్గే బరువు, హిమోగ్లోబిన్... వీటిలో ఏది కనిపించినా సిగ్గు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొలలే కావచ్చు, చాలాసార్లు అవే అవుతాయి. కాకపోతే ఆ మాట చూసి చెప్పాల్సింది డాక్టర్. చెకప్ ప్యాకేజీలోని ఎక్స్‌రే ఆ మాట చెప్పలేదు.